మూడు స్వెట్టర్ల పిల్ల

నా కూతురు పుట్టాల్సిన దానికంటే మూడు వారాల ముందే పుట్టేసింది. పురిటికి మా పుట్టింటికి వెళ్లాలని రైలు టికెట్లు కూడా తీసుకున్నాం. అవి బీరువాలో ఉండగానే మేడ్చల్లో ఒక చిన్న నర్సింగ్‌హోంలో కాన్పయిపోయింది. తొంభైల చివరి సంగతి, నవంబరు ఆఖరు. పిల్ల బరువు రెండు కిలోల వంద గ్రాములు. "చలి తగలనివ్వకండి, బరువు పెరగాలి" అని చెప్పి డాక్టరమ్మ నాలుగో రోజు ఇంటికి పంపింది. ఆవిడ చెప్పింది రెండు మాటలు. నా చెవికెక్కింది మొదటిదే.

మేముండేది కాలనీ చివర ఒక అద్దె వాటాలో. చుట్టూ హద్దురాళ్లు పాతిన ఖాళీ ప్లాట్లు, వాటి అవతల ద్రాక్షతోటలు. శామీర్‌పేట వైపు నుంచి గాలి వీచిందంటే అడ్డం రావడానికి ఒక్క గోడ కూడా లేదు. కిటికీ రెక్కల సందుల్లో పాత చీర పీలికలు కుక్కాను. సముద్రం పక్క ఊళ్లో పెరిగినదాన్ని, మాకు చలికాలమంటే పొద్దున కాస్త మంచు, తొమ్మిదయ్యేసరికి చెమట. ఇక్కడేమో డిసెంబరు రాగానే సీసాలో కొబ్బరినూనె గడ్డకట్టేది. దాన్ని చూసినప్పుడల్లా ఒకటే అనుకునేదాన్ని. నూనే ఇలా అయిపోతే రెండు కిలోల పిల్ల ఏమైపోతుంది?

అమ్మ మోకాలి ఆపరేషనై మంచం మీదుంది, రాలేకపోయింది. రోజూ సాయంత్రం ఇంటివాళ్ల ఫోనుకు చేసేది. "చెవుల్లోకి గాలి పోనివ్వకే. పాదాలు పట్టుకు చూస్తూ ఉండు. చల్లగా ఉంటే ఇంకోటి తొడుగు" అనేది. ఆవిడ దృష్టిలో హైదరాబాదు కాశ్మీరు పక్కనే ఉంటుంది. నేను పాదాలు పట్టుకు చూసేదాన్ని. ఎప్పుడు చూసినా చల్లగానే ఉండేవి. ఇంకోటి తొడిగేదాన్ని.

అలా మొదటి వారానికి ఒక జుబ్బా, ఒక ఫ్లానెల్ గుడ్డ, ఒక స్వెట్టరు. రెండో వారానికి రెండు స్వెట్టర్లు, మేజోళ్లు, చేతులకు తొడుగులు. మూడో వారానికి మూడు స్వెట్టర్లు, మంకీ టోపీ, దానిపైన నా మఫ్లరు, అన్నింటిపైనా శాలువా. స్నానం లేదు, గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డతో ముఖం, తొడల సందులు తుడవడమే. లోపలి జుబ్బా మార్చాల్సి వస్తే దుప్పటి కిందే, చేతి తడుముడుతో మార్చేదాన్ని. కళ్లు మూసుకుని మరీ మార్చగలనని గొప్పగా ఉండేది నాకు.

ఒక్కచోట కూర్చోలేకపోయేదాన్ని. కంచంలో అన్నం సగం ఉండగానే చెయ్యి కడుక్కుని వచ్చి పిల్ల ముక్కు కింద వేలు పెట్టి చూసేదాన్ని. ఊపిరి తగిలేది. తిరిగి వెళ్లి రెండు ముద్దలు తినేసరికి అది ఇందాకటి ఊపిరి కదా అనిపించేది, మళ్లీ లేచేదాన్ని. మా ఆయన దూలపల్లిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. పాపం, సాయంత్రం వచ్చి పిల్లను ఎత్తుకుందామనుకుంటే ముందు చేతులు కడుక్కోమనేదాన్ని, కడుక్కుంటే అవి చల్లబడ్డాయని ముట్టుకోనిచ్చేదాన్ని కాదు. "ఇది పిల్లా, పరుపుచుట్టా?" అన్నాడొకసారి. ఆ పూట అతనితో మాట్లాడలేదు.

వారానికోసారి బరువు తూయించాలి. నర్సింగ్‌హోంలో కాంపౌండరు నడివయసు మనిషి, నెమ్మదస్తుడు. మొదటిసారి "బట్టలు తియ్యమ్మా" అన్నాడు. ఆ గదికి తలుపు లేదు, పరదా ఒక్కటే. "చలండీ, బాబ్బాబు, ఇలాగే తూచండి" అన్నాను. వెనకాల ఇంకా పదిమంది ఉన్నారు. సరేనన్నాడు. రెండు కిలోల మూడొందల గ్రాములు. తర్వాతి వారం రెండు నాలుగొందల యాభై. మూడో వారం రెండు ఆరువందలు. డాక్టరమ్మ ఆ రద్దీలో కార్డు మీద అంకెలు చూసి "బాగా పెరుగుతోందే" అని నవ్వింది. ఆ కార్డును నేను గోడ మీద క్యాలెండరుకు గుచ్చి, ఫోన్లో అమ్మకు వినిపించి, పక్కింటామెకు కూడా చూపించాను. ఇంటర్లో ఫిజిక్సు చదివినదాన్ని. ఒక్కసారి, ఒక్కసారైనా ఆ స్వెట్టర్ల మాట నా బుర్రకు తట్టలేదు.

పైగా పిల్ల ఏడ్చేది కాదు. పాలకు కూడా నేనే లేపాలి, నాలుగు గుక్కలు తాగి నిద్రపోయేది. మా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని మురిసిపోయేదాన్ని.

ఇంటివాళ్లు ఈ ఊరి పాతకాపులు, పొలాలు ప్లాట్లు చేసి అమ్మినవాళ్లు. ఆ ఇంటాయన తల్లిని అందరూ అవ్వ అనేవాళ్లు. నేను మామ్మగారూ అంటే నవ్వేది. ఆవిడకు ఎవరింటి పిల్లలనైనా చూడకుండా తోచదు. మొదటి నుంచీ నా మూటను చూసి తల అడ్డంగా ఊపుతూనే ఉంది. "ఏంది బిడ్డా, పోరికి గిన్ని సుట్టినవ్? పసిపోరల కాళ్లు సల్లగనే ఉంటయ్. పొట్ట పట్టి జూడు, మెడ ఎనక పట్టి జూడు" అన్నది ఒకరోజు. నాకు ఒళ్లు మండింది. "డాక్టరమ్మ చెప్పిందండీ" అని తలుపు కాస్త గట్టిగానే వేశాను. రావల్కోల్లో పొలం గట్ల మీద పిల్లల్ని పెంచిన మనిషికి నెలలు నిండకుండా పుట్టిన పిల్ల సంగతి ఏం తెలుస్తుందిలే అనుకున్నాను. అనుకున్నానని చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఇరవై రెండో రోజు పొద్దున పదింటికి ఎండ బాగా కాసింది. నీళ్ల ట్యాంకరు వచ్చింది, బిందెలు పట్టుకోవాలి. ఇంట్లో నేనొక్కదాన్నే. గత్యంతరం లేక పిల్లను అవ్వ చేతుల్లో పెట్టాను. నాలుగు బిందెలు నింపుకుని వచ్చేసరికి ఆవిడ వరండాలో నిలబడి మూటను రెండు చేతుల మీదా మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తోంది.

"బిడ్డా, గీ బరువంతా బట్టలదే. పోరి మస్తు తేలిగ్గున్నది."

"కార్డు చూడండి మామ్మగారూ, రెండు ఆరువందలు."

"కార్డు సంగతి నాకు తెల్వది. పొద్దుగాల ఎన్నిసార్లు తాగింది?"

తెల్లవారుజామున తాగింది. ఆ తర్వాత రెండుసార్లు లేపితే లేవలేదు.

"ఇగ నేను ఊకోను, ఇప్పుతున్న" అని అవ్వ ఎండలో చాప మీద కూర్చుంది. వద్దు, గాలి వస్తోంది, ఇవ్వండి అని నేను చేతులు చాపుతూనే ఉన్నాను. ఆవిడ వినిపించుకోలేదు. శాలువా, మఫ్లరు, టోపీ, ఒకటి, రెండు, మూడు స్వెట్టర్లు, ఫ్లానెల్ గుడ్డ. అన్నీ పక్కన కుప్ప పడ్డాయి, కుప్ప పిల్ల కంటే పెద్దది. ఆఖరున జుబ్బా తీసింది.

ప్రక్కటెముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు. చేతుల మీద చర్మం వదులుగా ముడతలు పడి ఉంది. మెడ చుట్టూ, చంకల్లో ఎర్రగా చెమటకాయలు. బోర్లా తిప్పితే నడుము దగ్గర నువ్వుగింజంత పుట్టుమచ్చ. నా కడుపున పుట్టిన పిల్లకు అక్కడ మచ్చ ఉందని నాకు అప్పుడే తెలిసింది.

"లోపల ఉడికిపోతాంది. గీ ఉడుకుల పాలెట్ల తాగుతది, నిద్రే వస్తది" అన్నది అవ్వ. ఆ మాటలో తిట్టు లేదు. తిట్టినా బాగుండేది.

ఇంటాయన జీపులో నర్సింగ్‌హోంకు వెళ్లాం. ఈసారి ఒంటి మీద ఏమీ లేకుండా తూచారు. ఒక కిలో తొమ్మిదివందల యాభై. డాక్టరమ్మ కార్డు చూసింది, త్రాసు చూసింది, నన్ను చూసింది. "ఎవరు తూయించారు ఇలా?" అంది. "నేనే" అన్నాను. ఆవిడ కార్డు పక్కన పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. జాకెట్ విప్పుకుని పిల్లను ఒట్టి ఒంటితో గుండెకు ఆనించుకోవాలి, తలకు టోపీ ఒక్కటి, వీపు మీంచి శాలువా. ముక్కూ నోరూ ఎప్పుడూ బయటే ఉండాలి. పడుకోబెట్టినప్పుడు మనం వేసుకున్న దానికంటే ఒక్క వరస ఎక్కువ, అంతే. రెండు గంటలకోసారి పాలు, తాగలేకపోతే పాలు పిండి ఉగ్గుగిన్నెతో పట్టాలి. "నాలుగు రోజులు చూద్దాం. పెరక్కపోతే సిటీలో పెద్దాసుపత్రికి పంపించి అద్దాల పెట్టెలో పెట్టించాలి."

ఆ నాలుగు రోజులూ నా గుండె మీద పిల్ల కప్పపిల్లలా అతుక్కుని ఉంది. పాదాలు చల్లగానే తగిలేవి. నా చెయ్యి స్వెట్టరు కోసం వెళ్లేది, వెనక్కి లాక్కునేదాన్ని. పొట్ట తడిమితే వెచ్చగా ఉండేది. అయినా నమ్మకం కుదిరేది కాదు, అయిదు నిమిషాలకోసారి తడిమేదాన్ని. గది ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూనే ఉన్నాను. అవ్వ వచ్చి అన్నం కలిపి నోట్లో పెట్టేది. నేను చంపుకున్నానా దీన్ని, నా చేతులతో నేనే చంపుకుంటున్నానా, ఇదొక్కటే లోపల తిరుగుతుండేది. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల లేపకుండానే లేచి ఏడ్చింది. అవ్వ తలుపు దగ్గరే నిలబడి "ఏడువనీ, ఏడువనీ, ఏడుస్తలేదనే నా పరేషాన్" అన్నది.

నాలుగో రోజు ముసురు పట్టింది, ఈదురుగాలి. కాంపౌండరు నా ముఖం చూసి జాలిపడ్డాడు. "బట్టలుండనియ్యమ్మా, మస్తు సలున్నది. అంగీ బరువు తీసేసి రాస్తలే" అన్నాడు. వద్దన్నాను. టోపీతో సహా అన్నీ నేనే విప్పాను. చల్లటి త్రాసు తగలగానే పిల్ల ఆ గదంతా దద్దరిల్లేలా ఏడ్చింది. కాళ్లు తన్నుతుంటే ముల్లు ఒకచోట నిలవలేదు. చూస్తూ నిలబడ్డాను.

రెండు కిలోల యాభై గ్రాములు. "పుట్టినప్పటి బరువు కూడ కాలేదమ్మా" అని అతను నొచ్చుకున్నాడు. నేను అందరి ముందూ త్రాసు పట్టుకుని బావురుమన్నాను. పెరిగిన ఆ వంద గ్రాములూ నా కూతురివే.