సుగుణ గారి బేస్‌మెంట్‌లో తిల్లానా

మొన్న ఆదివారం మీరు మనవలంతా రెడ్‌మండ్ నుంచి వీడియో కాల్ చేసినప్పుడు చిన్నది చప్పట్లు కొట్టి చూపించింది. అరచేతులు కలిసి మళ్ళీ విడిపోయాక గానీ ఆ చప్పుడు ఇక్కడ పార్సిప్పనీలో నా చెవిన పడలేదు. మీరు నవ్వారు, నేనూ నవ్వాను. కాల్ అయిపోయాక మాత్రం నాకు సుగుణ గారు గుర్తొచ్చారు. ఆవిడని మీరు చూడలేదు. మీ అమ్మ కాలేజీలో చేరి డార్మ్‌కి వెళ్ళిపోయాక, ఇంట్లో పగలంతా నాకేమీ తోచని రోజుల్లో పరిచయమయ్యారు. మా అపార్ట్‌మెంట్ల వెనక వీధిలో వాళ్ళ ఇల్లు. బేస్‌మెంట్‌లో రెండు కంప్యూటర్లు, ఒక పాత టీవీ, గోడ పొడవునా టేపులు. తెలుగువాళ్ళు తమ ఇళ్ళలో పెళ్ళిళ్ళూ బారసాలలూ కామ్‌కార్డర్‌తో తీసుకుని ఆ టేపులు తెచ్చిస్తే, ఎడిట్ చేసి డీవీడీలుగా ఇచ్చేవారు. నా చేతిరాత బాగుంటుందని ఎవరో చెప్పారట, డీవీడీల మీద పేర్లు రాయడానికి పిలిచారు. రాయడం అయ్యాక పక్కన కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చునేదాన్ని. కొన్నాళ్ళకి మౌస్ నా చేతికిచ్చారు.

ఆవిడ తియ్యగా మాట్లాడే మనిషి కాదు. పని మధ్యలో టీ తాగుతారా అని కూడా అడిగేవారు కాదు. "పనిచెయ్యట్లేదు" అనే మాట ఆ గదిలో అనకూడదు. ఏం చేస్తే ఏమైందో చెప్పాలి, అంతే. ఒకసారి బారసాల టేపు కంప్యూటర్‌లోకి ఎక్కిస్తుంటే మధ్యలో ఆగిపోయింది. నేను వైరు పీకి ఇంకో చోట పెట్టాను, తెరిచి ఉన్నవన్నీ మూసేశాను, కంప్యూటర్ ఆపి మళ్ళీ ఆన్ చేశాను. ఈసారి చక్కగా ఎక్కింది. గొప్పగా వెళ్ళి ఆవిడకి చెప్పాను.

"ఏది చేస్తే బాగైంది వదినా?" అన్నారు. చుట్టరికం లేకపోయినా నన్ను అలాగే పిలిచేవారు.

"అన్నీ చేశానండీ."

"అయితే మనకేమీ తెలీలేదు. మళ్ళీ ఆగుతుంది చూడండి."

మర్నాడు ఆగింది. అప్పుడు పక్కన కూర్చుని ఒక్కొక్కటే మార్పించారు. ఒకటి మార్చి చూడడం, లాభం లేకపోతే దాన్ని ఎప్పటిలా పెట్టేసి ఇంకోటి మార్చడం. చివరికి తేలిందేమిటంటే, వైరస్‌లని వెతికే ప్రోగ్రాం ఒకటి దానంతటదే మొదలై డిస్క్‌ని తీరిక లేకుండా చేస్తోంది. ఎక్కించేటప్పుడు దాన్ని ఆపితే చాలు. నాకు చాలా విసుగొచ్చింది ఆ పూట. ఆవిడకి రాలేదు.

మేఘన సంగతి ఆ తరవాతిది. ఆ పిల్ల హైస్కూల్లో ఉండేది. చిన్నప్పటి నుంచీ కూచిపూడి నేర్చుకుని రంగప్రవేశం చేసింది. మేనమామ వీడియో తీశాడు. తండ్రి ప్రసాద్ గారు సాఫ్ట్‌వేర్ ఆయన, ఇంట్లో కంప్యూటర్‌లో తానే ఎడిట్ చేసి, స్నేహితులని భోజనానికి పిలిచి టీవీలో వేశారు. మొదట్లో అంతా బాగానే ఉంది. పోను పోను మృదంగం ముందు, పిల్ల అడుగు తరవాత. చివరి తిల్లానాకి వచ్చేసరికి చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉందట. ఆడవాళ్ళు "ఫస్ట్ టైం కదా, పర్లేదులే" అన్నారు. ఆ మాట మేఘన విన్నది. మర్నాటి నుంచి క్లాసుకి వెళ్ళడం మానేసింది. గజ్జెలు ఎవరికైనా ఇచ్చెయ్యమని తల్లితో అన్నదట.

ప్రసాద్ గారు టేపూ, తను చేసిన డీవీడీ రెండూ తెచ్చారు. పిల్ల వెనకబడిన చోటల్లా తీసేసి, తెలియకుండా అతికించమని అడిగారు. గొంతు బాగా తగ్గించి మాట్లాడారు. కూతురి పరువు కాపాడాలని వచ్చిన మనిషి ఆయన.

సుగుణ గారు ఆ డీవీడీలో తిల్లానా పెట్టారు. వేదిక ఒక పక్కన గురువుగారు కూర్చుని తాళాలు కొడుతూ నట్టువాంగం చేస్తున్నారు. సుగుణ గారు పిల్లని చూడలేదు, గురువుగారి చేతులనే చూశారు.

"ప్రసాద్ గారూ, మీ పాప తాళం తప్పిందనే అనుకుందాం. గురువుగారు కూడా తప్పారా?"

మేమిద్దరం వంగి చూశాం. గురువుగారి చేతిలో తాళాలు కలిసే లోపలే వాటి చప్పుడు వచ్చేస్తోంది. ప్రసాద్ గారు మళ్ళీ వేయమన్నారు. మళ్ళీ చూశారు. తరవాత కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నారు.

కారణం చిన్నదే. కామ్‌కార్డర్‌లో ధ్వని రికార్డయ్యే వేగానికి రెండు కొలతలుంటాయి. మేనమామ కెమెరా ఒకదానిలో ఉంది, ప్రసాద్ గారు కంప్యూటర్‌ని ఇంకోదానిలో పెట్టారు. మొదట్లో కనిపించని తేడా, టేపు సాగేకొద్దీ పేరుకుంది. కొలత మార్చి టేపు మళ్ళీ ఎక్కిస్తే సరి. ఆయన వెంటనే ఇమ్మన్నారు. సుగుణ గారు ఇవ్వలేదు.

"ముందు పాపని తీసుకురండి. ఆ రోజు వాళ్ళన్న మాట తను విన్నది కదా. ఇది కూడా తనే చూడాలి."

శనివారం వచ్చింది మేఘన. జాకెట్ విప్పలేదు, కూర్చోలేదు. కొలత మార్చి ఎక్కించిన వీడియో మొదటి నుంచీ చూసింది, ముఖంలో ఏ మార్పూ లేదు. అడుగూ మృదంగం కలిసి వెళ్తున్నాయి. నాకు తాళాల సంగతి తెలియదు గానీ, ఆ పిల్ల అంత బాగా ఆడిందని ఆ గదిలోనే తెలిసింది. తిల్లానా సగంలో ఉండగా చెయ్యెత్తి, "అక్కడ ఆపండి ఆంటీ" అన్నది. వెనక్కి తిప్పి చూస్తే గురువుగారి చేతులూ చప్పుడూ కలిశాయి. పిల్ల అడుగు మాత్రం నిజంగానే ఆలస్యమైంది.

ప్రసాద్ గారు మెల్లిగా, అక్కడ జనాన్ని చూపించి దాటించొచ్చు కదా అన్నారు. దాటించొచ్చు. మేనమామ జనాన్ని కూడా తీశాడు.

"వద్దు డాడీ. గజ్జె లూజ్ అయింది, కిందకి చూశా. దట్స్ మీ. మిగతావి నేను కాదు. ఇది నేనే. ఉంచండి" అన్నది.

ఆయన సుగుణ గారి వైపు చూశారు. ఆవిడ స్క్రీన్ వైపు తిరిగి, "పాప చెప్పింది కదండీ" అని అలాగే డీవీడీ చేసి ఇచ్చారు. దాని మీద పేరు నేనే రాశాను. తరవాతి వారం మేఘన క్లాసుకి వెళ్ళిందని వాళ్ళమ్మ ఫోన్ చేసి చెప్పింది. సుగుణ గారు మంచిదన్నారు.

తరవాత అందరూ ఫోన్లతో తీసుకోవడం మొదలుపెట్టారు, టేపులు రావడం తగ్గింది. సుగుణ గారు ఇల్లు అమ్మేసి టెక్సాస్‌లో చెల్లెలి దగ్గరకి వెళ్ళారు. కొన్నాళ్ళు మాట్లాడుకున్నాం, ఆ తరవాత లేదు. ఎడిటింగ్ నేను చాలావరకు మర్చిపోయాను.

కానీ మీ అమ్మ ఫోన్ చేసి మీలో ఒకరి గురించి ఏదో చెప్పబోతే, నేను విననని మీకు తెలుసు. ఆ సంగతి ఎవరిదో వాళ్ళకే ఫోన్ ఇవ్వమంటాను. మీరు ఫోన్ తీసుకుని "ఏంటి అమ్మమ్మా" అని ఊరుకుంటారు. నేనూ ఊరుకుంటాను. కాసేపటికి ఏం జరిగిందో మీరే చెప్పడం మొదలుపెడతారు.