అత్త పోసిన కప్పు కాఫీ

అరసవల్లిలోని మా ఇంట్లో అందరూ టీ తాగేవాళ్ళే. కాఫీ నా ఒక్కదానికే. అందుకే రెండేళ్ళ కిందట ఒక స్టీలు ఫిల్టరు కొనుక్కున్నాను. గరాటాలా ఉంటుంది, ఒంటినిండా సూది మొనంత చిల్లులు. కప్పు మీద పెట్టి, రెండు చెంచాల అరకు కాఫీ పొడి వేసి, వేడినీళ్ళు సన్నటి ధారగా పోస్తే ఒక్క కప్పు దిగుతుంది. కడిగి ఆరబెడితే మర్నాటికి మళ్ళీ పనికొస్తుంది.

మా అత్తది పొందూరు. చిన్నప్పటినించీ నూలు వడికిన మనిషి. ఫిల్టరు చూసిన మొదటిరోజే అంది: "ఏటే ఇది? పాల్లేవు, పంచదార్లేదు. ఒక కప్పుకి ఇంతసేపేటి?"

నిరుడు వానాకాలంలో ఆవిడకి పక్షవాతం వచ్చింది. మాటకి ఇబ్బంది లేదు, నడక మెల్లగా తిరిగొచ్చింది. కుడిచెయ్యి మాత్రం మాట వినలేదు. ఇంటికొచ్చి వ్యాయామాలు చేయించే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చి పిసకమంటే, "నానేటి సిన్నపిల్లనా?" అని ఎడమచేత్తో మంచం కిందకి తోసేసింది. నేను అన్నం తినిపిస్తుంటే గోడకేసి చూస్తూ నమిలేది. ఆ చూపు నాకు భరించరానిదిగా ఉండేది.

ఒకరోజు పొద్దున్న నేను పాఠాలు చెప్పే స్కూలుకి టైమైపోతోందని నీళ్ళు గబగబా పోసేశాను. ఫిల్టరు పొంగి పొడంతా గట్టు మీద పడింది. వంటింటి గుమ్మం దగ్గర కుర్చీలో ఉన్న అత్త ఊరుకోలేకపోయింది.

"అలగ కుమ్మరిస్తావేటే? ఒక్క తీరున పొయ్యాల. నూలైతే ఈపాటికి తెగిపోయుండును."

"అయితే నువ్వు పొయ్యి, సూద్దాం," అన్నాను.

ఖాళీ ఫిల్టరూ, చన్నీళ్ళు నింపిన చిన్న కెటిలూ ఆవిడ ముందు పెట్టాను. వేళ్ళు పిడి పట్టడానికే చాలాసేపు పట్టింది. సగం నీళ్ళు చీర మీద పోయాయి. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం తడిసిన కుచ్చిళ్ళు దులుపుకుని, "రేపు సూస్తాను దీని సంగతి," అంది.

చూసింది. రోజూ పొద్దున్నే అదే పని. మొదట ఎడమచెయ్యి కుడి మణికట్టుకి ఆసరాగా ఉండేది. వ్యాయామాల అమ్మాయి కూడా బంతి సంచిలో పెట్టేసుకుని, "ఇదే చేయించండి మేడమ్," అంది. చలికాలం వచ్చేసరికి ఎడమచెయ్యి ఒళ్ళోకి దిగింది.

ఆ అమ్మాయి సరేనన్నాక, ఒక ఆదివారం వేడినీళ్ళు ఇచ్చాను. నేను పక్కనే నిలబడ్డాను. పొడి తడిసి ఉబ్బేదాకా ఆగింది, తర్వాత గుండ్రంగా తిప్పుతూ పోసింది. ధార వణికింది గానీ తెగలేదు. గట్టు మీద చుక్క పడలేదు.

"తాగు. ఎలగున్నాది?"

"నాకంటే బాగా సేసినావత్తా."

"అబద్దాలు సెప్పకు."

"కొంచెం సేదుగా ఉన్నాది."

"పొడెక్కువైంది. రేపు సరిసేస్తాను."

మొన్న పొందూరు నించి వాళ్ళ చెల్లెలు చూడ్డానికి వచ్చింది. అత్త జబ్బు ఊసే ఎత్తలేదు. నా చేత కెటిలు తెప్పించి, ఆవిడ ఎదురుగా ఒక కప్పు దించి, కుడిచేత్తోనే అందించింది. చెల్లెలు ఆ చేతికేసే చూస్తూ కాఫీ తాగడం మరిచిపోయింది.

"మా కోడలికి కూడా నానే నేర్పినాను," అంది అత్త.

అవునన్నట్టు తలూపాను. ఆ పూట ఉన్నంత గర్వంగా నాకెప్పుడూ లేదు.