ఆదివారం లింకులు, సగం షట్టరు

హిందీ మాట్లాడే ఊళ్ళో, సీతారాండేరా అనే పేటలో మాది స్టీలు సామాన్ల కొట్టు. బేరాల మధ్యే పెరిగాను. ఎదుటివాళ్ళు గిన్నె పట్టుకునే తీరు చూసి ఎంతదాకా దిగాలో చెప్పేయగలను. అలాంటివాణ్ణి పైసా రాని పనొకటి నెత్తికెత్తుకున్నాను. సైన్సు గురించీ, పిట్టల గురించీ, చెట్ల గురించీ జనం బ్లాగుల్లో రాసుకునేవి వారమంతా గల్లాపెట్టె దగ్గర కూర్చుని చదవడం, బాగున్నవి ఏరి ఒక్కోదానికి రెండు తెలుగు ముక్కలు చేర్చి, ఆదివారం మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పంపడం. కూరగాయలతో కరివేపాకు పడేసినట్టు, చివర నా సలహా ఒకటి కొసరు.

వేసవి మొదట్లో గూళ్ళ మీద ఎవరో రాసిన బ్లాగు పంపుతూ, "మీ ఇంట్లో పిట్ట గూడు పెడితే, పిల్లలు ఎగిరేదాకా కదపకండి" అని కొసరు వేశాను. నాదేం పోయింది?

తర్వాత కొట్టు మూసి, నాన్న మోకాళ్ళ వైద్యానికి విశాఖపట్నం వెళ్ళి నెల్లాళ్ళున్నాం. తిరిగొచ్చి కొట్టు షట్టరు ఎత్తుతుంటే, పైన రేకు చుట్టుకునే చోటునుంచి గడ్డిపోచలు రాలాయి. వెనకే కిచకిచలు. గోరింక పిల్లలు! ఇంకాస్త ఎత్తితే ఆ చుట్టలో నలిగిపోతాయి. నడుమెత్తులో ఆపేశాను. అక్కడితో ఊరుకోక, ఫోటో తీసి గ్రూపులో పెట్టాను.

అంతే, ఇరుక్కుపోయాను. అసలే పెళ్ళిళ్ళ రోజులు. "దుకాన్ బంద్ హై క్యా?" అని అడిగి, జవాబైనా వినకుండా జనం ఎదుటి కొట్టుకి పోయేవారు. కరెంటు పోతే ఆ రేకు వెనక నేనూ గిన్నెలూ కలిసి ఉడికేవాళ్ళం.

"ఏట్రా ఇది? ఈ మోకాళ్ళతో నేను ఒంగాలా? అయ్యేటి మనకి అద్దె కడతన్నాయా?" అన్నాడు నాన్న.

"కొన్నాళ్ళే నాన్నా."

"ఈలోగా పెళ్ళిళ్ళయిపోతాయి."

మా ఊళ్ళోనే కద్మా పేటలో ఉండే మేనత్త ఫోన్ చేసింది. "ఒరే, షట్టరెత్తీలేదు కదా? గూడు ముట్టొద్దని మాకు సెప్పింది నువ్వే కదేటి! రోజూ ఓ ఫోటో ఎట్టు." ఆవిడ ఇన్నాళ్ళలో ఒక్క లింకు తెరిచిన పాపాన పోలేదు.

లోపల నా లెక్క వేరు. నాన్న ఏదో రోజు విసిగి షట్టరు లేపేస్తాడు. తప్పు ఆయన మీదకి పోతుంది. నేను గ్రూపులో నాలుగు తడి మాటలు రాసి బయటపడతాను. అందుకే ఆయన్ని ఆపడం కూడా మానేశాను.

అనుకున్న రోజు వచ్చింది. పెళ్ళి సామాన్లకి ఒక పెద్ద కుటుంబం వచ్చి బయటే ఆగిపోయింది. నాన్న లేచి వెళ్ళి రేకు అంచు పట్టుకున్నాడు. నేను గిన్నెలు తుడిచే మిషతో తల దించుకున్నాను. పైన తల్లి గోరింక గొంతు చించుకుంటోంది. ఎంతకీ రేకు చప్పుడు కాలేదు. తలెత్తి చూస్తే, నాన్న మోకాలు పట్టుకుని, మూలుగుతూ వంగి, తల బయట పెట్టాడు.

"ఝుక్ కే ఆయియే జీ, అందర్ బచ్చే హైఁ."

వంగి రండి, లోపల పిల్లలున్నారు అనేసరికి పసివాళ్ళనుకున్నారో ఏమో, వాళ్ళు గొంతులు తగ్గించి ఒక్కొక్కరే వంగి వచ్చారు. నాన్న నావైపు తిరిగాడు. "ఏటి సూత్తన్నావు? ఆళ్ళకి స్టూలెయ్. పిల్లలు బాగున్నాయని మీ అత్తకి సెప్పు."

స్టూలు వేశాను. ఆ ఆదివారం కూడా లింకులు పంపాను. కొసరు జోలికి మాత్రం పోలేదు.