పెద్దమ్మ వేసిన ముడులు

మా పెద్దమ్మకు ఒకటే జబ్బు. ఎదుటి మనిషి చేతులు ఖాళీగా ఉంటే చూడలేదు. ఆవిడ తోట గేటు తీశారా, ఇక మీ పని అయిపోయినట్టే!

మీటరు రీడింగుకు వచ్చినాయన ఆ పని మరిచి, దోసెడు బంతి విత్తనాలు ఒలిచి వెళ్లిపోయాడు. బీపీ చూడటానికి వచ్చిన డాక్టరమ్మతో, "అమ్మాయ్, ఆ రెండో చెయ్యి ఖాళీయే కదా, ఈ తీగ కాస్త పట్టుకో" అంది. ఆవిడ బీపీ ఏమోగానీ డాక్టరమ్మది పెరిగింది.

మా ఆయన్ని కొత్తల్లుడని కూడా చూడలేదు. "కూర్చునే ఉన్నావుగా బాబూ" అంటూ సగం అల్లిన బుట్ట ఒళ్లో పెట్టింది. ఆయన పూర్తి చేసిన ఆ బుట్టకు అడుగేదో మూతేదో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

పోయినేడు పక్కింటి మాస్టారి భార్య కాలం చేసింది. ఆయన తలుపు వేసుకుని బయటికి రావడమే మానేశారు. "ధైర్యంగా ఉండండి" అని అందరం చెప్పి వచ్చాం. పెద్దమ్మ మాత్రం ఓ పొద్దున కాకిగూడులాంటి ఊలు ఉండ పట్టుకుని వెళ్లి తలుపు కొట్టింది.

"మాస్టారూ, నాకు కళ్లు ఆనడం లేదు. ఈ చిక్కు కాస్త తీసిపెట్టండి. మా చిక్కుడు పాదు దగ్గర వెలుతురు బాగుంటుంది, రండి."

నాకు ఒళ్లు మండింది. "దుఃఖంలో ఉన్న మనిషికి కూడా పనేనా పెద్దమ్మా?"

"చేతులు ఖాళీగానే ఉన్నాయి కదే!"

మాస్టారు వచ్చారు. రెండు గంటలు తల ఎత్తకుండా చిక్కు తీశారు. మర్నాడు ఇంకో ఉండ. ఆ మర్నాడు మరోటి. పదోనాడు పాదుకేసి చూసి, "పేను పట్టింది అక్కయ్యగారూ, బూడిద చల్లండి. మా ఆవిడ అలాగే చేసేది" అన్నారు. ఆ ఒక్కమాటతో మొదలై, కాఫీలు చల్లారిపోయేదాకా ఆవిడ గురించే చెప్పారు.

ఓ మధ్యాహ్నం నేను చెప్పాపెట్టకుండా వెళ్లేసరికి పెద్దమ్మ వంటింట్లో కూర్చుని, నున్నగా చుట్టిన ఊలు విప్పి, శ్రద్ధగా ముడులు వేస్తోంది. కళ్లజోడైనా లేదు!

"అమ్మ దొంగా! కళ్లు ఆనడం లేదన్నావు?"

"నోర్ముయ్యవే. రేపటికి ఆయనకి పనుండొద్దూ?"

అంతలో కిటికీ అవతల, తోటలోంచి మాస్టారి గొంతు వినిపించింది.

"అక్కయ్యగారూ, నిన్నటి ముడులు మరీ తేలిగ్గా ఊడిపోయాయి. ఈసారి కాస్త గట్టిగా బిగించండి!"

పెద్దమ్మ నాలుక కరుచుకుంది. నేను ఇంకో ఉండ తీసుకుని ఆవిడ పక్కనే చతికిలబడి, నాకు చేతనైనంత ఘోరంగా చిక్కులు పెట్టడం మొదలుపెట్టాను.