సకల జనుల సమ్మెలో ఒక బ్రెజిల్ కప్పు

2011 సెప్టెంబర్. మాదాపూర్‌లో ఒక అద్దాల భవనం, నాలుగో అంతస్తు. మా కంపెనీ చేసే పని ఏమిటో చెబితే బంధువులు నమ్మేవారు కాదు. ఎక్కడెక్కడో, ఎప్పుడెప్పుడో ఆడిన ఆటల వివరాలను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఆయా దేశాల వెబ్‌సైట్లకు ఇవ్వడం మా పని. "అంటే ఆటలు చూస్తూ జీతం తీసుకుంటారన్నమాట" అనేది మా అత్తగారు. ఆటలు చూసే భాగ్యం మాకెక్కడిది? మేం చూసేది పాత పేపర్ల ఫొటోలు. అందులో సగం మసకబారి ఉంటాయి, మిగతా సగం మనకు రాని భాషలో ఉంటాయి.

నేను అక్కడ క్వాలిటీ లీడ్‌ని, అంటే తప్పులు పట్టుకోవడానికి జీతం తీసుకునే మనిషిని. అలాంటి మనిషిని ఆఫీసులో ఎంత ప్రేమగా చూస్తారో ప్రత్యేకంగా చెప్పనక్కర్లేదు. పైగా మా నాన్నది వరంగల్, అమ్మది ఏలూరు. ఆ రోజుల్లో నన్ను క్యాంటీన్‌లో ఏ టేబుల్ దగ్గర కూర్చోబెట్టాలో ఎవరికీ తోచేది కాదు. నేను వచ్చి కూర్చుంటే మాట మార్చి వాన గురించి మాట్లాడేవాళ్లు.

ఆ నెలలోనే సకల జనుల సమ్మె మొదలైంది. తెలంగాణ రాష్ట్రం కోసం ఉద్యోగులు, టీచర్లు, సింగరేణి కార్మికులు పని ఆపేశారు. బొగ్గు రాక కరెంటు కోతలు పెరిగాయి. తర్వాత సిటీ బస్సులు కూడా ఆగిపోయాయి. ఐటీ కంపెనీలు మాత్రం జనరేటర్ల మీద నడుస్తూనే ఉన్నాయి. లోపల ఏసీ చల్లగానే ఉండేది కానీ మనుషులు మాత్రం వేడిగా ఉండేవాళ్లు. లిఫ్టులో, టీ మిషన్ దగ్గర, ఎక్కడ విన్నా రాష్ట్రం మాటే.

మా పద్ధతి ఒకటి ఇక్కడ చెప్పాలి. దాన్ని డబుల్ కీయింగ్ అంటాం. ఒకే మ్యాచ్ వివరాలను ఇద్దరు విడివిడిగా టైపు చేస్తారు. ఒకరిది ఒకరు చూడకూడదు, ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. సాఫ్ట్‌వేర్ రెండింటినీ పోల్చి, తేడా ఉన్నచోట ఎర్రగా చూపిస్తుంది. దాని పేరు మిస్‌మ్యాచ్. ఎర్రవి మాత్రమే నా దగ్గరికి వస్తాయి. రెండూ ఒకేలా ఉన్నవి పచ్చరంగు వేసుకుని నేరుగా క్లయింట్‌కు వెళ్లిపోతాయి.

ఈ పద్ధతికి మల్లేశం, సుధారాణిల కంటే మంచి జోడీ మా ఫుట్‌బాల్ డెస్క్‌లో లేదు. వాళ్లు అసలే మాట్లాడుకోవడం మానేశారు.

మల్లేశంది సిద్దిపేట దగ్గర ఊరు. ప్రగతి నగర్‌లో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాడు. సుధారాణిది తెనాలి. పెళ్లయ్యాక వచ్చి చందానగర్‌లో స్థిరపడింది, ఇద్దరు పిల్లలు. అతనికంటే ఐదారేళ్లు పెద్దది. అంతకుముందు ఏడాది దాకా అతను తెచ్చే జొన్నరొట్టెలో సగం ఆమెది, ఆమె తెచ్చే గోంగూర పచ్చడిలో ముప్పాతిక అతనిది. ఒకరోజు భోజనాల దగ్గర ఆమె నవ్వుతూనే అంది.

"రేపు రాష్ట్రం వస్తే మమ్మల్ని మూటాముల్లె సర్దుకోమంటారేమో!"

"ఎవలన్నరక్కా గట్ల? నేనన్ననా? మా రాష్ట్రం మేం అడుగుతున్నం, మిమ్మల్ని పొమ్మంటలేం."

"నువ్వనలేదయ్యా. గోడల మీద రాసినవి చదువుతున్నాగా. నా పిల్లలు కూడా చదువుతున్నారు."

"గోడల మీది రాతలు కనవడ్డయి మీకు. ఇన్నేండ్ల సంది మా నీళ్లు, మా కొలువులు ఏడికి పోయినయో కనవడలే."

ఇద్దరి మాటల్లోనూ అబద్ధం లేదు. అందుకే ఇద్దరికీ గట్టిగా తగిలాయి. మర్నాటి నుంచి "అక్కా" పోయి "సుధారాణి గారు" వచ్చింది, "ఏమయ్యా" పోయి "మల్లేశం గారు" వచ్చింది. ఆ "గారు" వింటుంటే నాకు ఒళ్లు మండేది. కొన్నాళ్లకు ఆ పాటి పలకరింపు కూడా ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే బ్రెజిల్ నుంచి ఒక పైలట్ వచ్చింది. పైలట్ అంటే అసలు కాంట్రాక్టు ఇచ్చేముందు పనితనం చూడటానికి ఇచ్చే చిన్న పని. క్లయింట్ పేరు లూసియా. సాల్వదోర్ నగరంలో ఉంటూ ఫుట్‌బాల్ చరిత్ర వెబ్‌సైట్ నడిపేది. ఆ దేశపు పాత జాతీయ కప్పు 1959లో మొదలై పదేళ్లు సాగింది. అందులో మొదటి సీజన్ మాకు ఇచ్చింది. ఇది సరిగ్గా చేస్తే మిగిలిన తొమ్మిది సీజన్లూ మావే. మా మేనేజర్ మాత్రం మొహమాటం లేకుండా చెప్పేశాడు. "ఇది పోతే ఫుట్‌బాల్ డెస్క్ మూసేస్తున్నాం విజయా. మీవాళ్లందరూ కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లే. వేరే డెస్కుల్లో ఖాళీలు లేవు."

ఆ మాట డెస్క్‌లో చెప్పాను. మల్లేశం తల ఊపాడు. సుధారాణి కళ్లు దించుకుంది. ఇద్దరూ తమ తమ స్క్రీన్ల వైపు తిరిగి పని మొదలుపెట్టారు.

ఆ సీజన్ కథ వింటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది. ప్రతి రౌండ్‌లోనూ రెండు జట్లు రెండు మ్యాచ్‌లు ఆడాలి. చెరొకటి గెలిస్తే మూడోది ఆడాలి. బహియా రాష్ట్రంలోని సాల్వదోర్ నుంచి ఒక జట్టు వచ్చింది. అది రెసీఫె నగరం జట్టు మీద మొదటి మ్యాచ్ మూడు రెండుతో గెలిచి, రెండో మ్యాచ్‌లో ఆరు గోల్స్ తింది. తిరిగి ఒక్కటి కూడా కొట్టలేకపోయింది. మన దగ్గరైతే అలాంటి జట్టు మొహం చూపించలేక రైలెక్కేసేది. వాళ్లు మాత్రం మూడో మ్యాచ్ ఆడి గెలిచారు. మా మొదటి ఎర్రగీత అక్కడే వచ్చింది. సుధారాణి ఆ జట్టును ఇంటికి పంపించేసి, మూడో మ్యాచ్‌ను ఫ్రెండ్లీ అని రాసింది. మల్లేశం ఆ జట్టును తర్వాతి రౌండ్‌కు పంపాడు.

ఇద్దరినీ పిలిచాను. ఇద్దరూ నా వైపే చూస్తూ మాట్లాడారు.

"గోల్స్ అన్నీ కలపాలి కదండీ మేడం. ఎనిమిది, మూడు. ఇంకేం మిగిలిందో ఆయన్నే చెప్పమనండి."

"గోల్స్ గిట్ల కలపరని లూసియా పంపిన రూల్స్ గైడ్‌లనే ఉంది మేడం. చెరొకటి గెలిచిన్రు, లెక్క సమానం. జర ఆమెను చదువుకోమనున్రి."

"నేను పోస్ట్‌మ్యాన్‌ని కాదు. ఎదురుగానే ఉన్నారుగా, మీరే చెప్పుకోండి" అన్నాను. చెప్పుకోలేదు. గైడ్ చూపించాక సుధారాణి మాత్రం మారుమాట లేకుండా ఒప్పుకుని దిద్దేసింది. ఫైనల్ కూడా అలాంటిదే. సాల్వదోర్ జట్టు సాంతోస్ రేవుపట్టణం వెళ్లి గెలిచింది, సొంత ఊళ్లో ఓడింది. మూడో మ్యాచ్ రియోలో జరిగింది, అదీ మరుసటి సంవత్సరం మార్చిలో. దేశమంతా భయపడే సాంతోస్ జట్టును మూడు ఒకటితో ఓడించి వాళ్లు కప్పు ఎత్తుకుపోయారు. అది టైపు చేశాక స్క్రీన్ మొత్తం పచ్చబడింది. ఒక్క ఎర్రగీత లేదు. మా డెస్క్ బతికిందని అందరికీ టీ తెప్పించాను.

శుక్రవారం సాయంత్రం లూసియా కాల్ చేసింది. ఆమెకది ఉదయం.

"చాలా శుభ్రంగా ఉంది విజయా. ఒక్క ప్రశ్న అడుగుతాను. కప్పు ఎవరు గెలిచారు?"

"బహియా రాష్ట్రం జట్టు" అన్నాను హుషారుగా.

లూసియా వెంటనే అడ్డుకుంది.

"అలాంటి జట్టు ఆ కప్పులో లేదు. ఆడినవన్నీ క్లబ్బులు. ప్రతి రాష్ట్రంలోనూ పోటీ జరుగుతుంది, అందులో నెగ్గిన క్లబ్బు జాతీయ కప్పుకు వస్తుంది. మీరు పంపినదాంట్లో ఒక్క క్లబ్బు పేరూ లేదు. అన్నీ రాష్ట్రాలే. ఆ కప్పు గెలిచినవాళ్లను జాతీయ ఛాంపియన్లుగా మా ఫుట్‌బాల్ పెద్దలు ఒప్పుకుని ఇంకా ఏడాది కాలేదు. అంటే మా ఊరి క్లబ్బు దేశంలోనే మొదటి ఛాంపియన్. దానికోసం ఇక్కడ ముసలివాళ్లు యాభై ఏళ్లు ఎదురుచూశారు. మీరేమో కప్పు తీసుకెళ్లి మా గవర్నర్ చేతిలో పెట్టారు!"

సోమవారం దాకా గడువు ఇమ్మని బతిమాలాను. ఆమె మంచి మనిషి. "సోమవారం, అంతే" అంది.

మా సాఫ్ట్‌వేర్‌లో జట్టు రకం అడిగే బాక్స్ ఒకటి ఉంటుంది. అందులో "స్టేట్ టీమ్" అని నొక్కితే రాష్ట్రం పేరు తీసుకుని, క్లబ్బు పేరు అడగకుండా వదిలేస్తుంది. మ్యాచ్‌కు ఒకటి చొప్పున నింపే కార్డుల్లో, ఇద్దరూ మొదటి కార్డు నుంచి చివరి కార్డు దాకా అదే నొక్కారు. ఇద్దరిదీ ఒకటే కావడంతో సాఫ్ట్‌వేర్‌కు అనుమానం రాలేదు. అసలు ఎందుకు నొక్కారో తెలుసుకుందామని ఒక్కొక్కరినే విడిగా పిలిచాను.

"రంజీల గంతే కద మేడం" అన్నాడు మల్లేశం. "రాష్ట్రం పేరు మీదనే ఆడ్తరు. పేపర్ల క్లబ్బు పేరు పక్కన బ్రాకెట్ల రాష్ట్రం ఉండె. ప్లేయర్లు ఆ క్లబ్బోళ్లేమో అనుకున్న."

"రంజీ ట్రోఫీలాగే అనుకున్నానండి" అంది సుధారాణి. "బ్రాకెట్లో రాష్ట్రం పేరు కనిపించింది. ఇంక అనుమానమే రాలేదు."

నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఇద్దరినీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, ఒకరి జవాబు ఇంకొకరికి చెప్పాను. "ఆ దేశంలో జట్టు అనగానే ముందు క్లబ్బే గుర్తొస్తుంది. ఇక్కడ మనకు ఈ నెలంతా నోరు తెరిస్తే రాష్ట్రమే. ఒక్క విషయంలోనూ కలవని మీరిద్దరూ తప్పు దగ్గర మాత్రం అక్షరం తేడా లేకుండా కలిశారు" అన్నాను.

మల్లేశం తల గోక్కున్నాడు. "క్రికెట్ల అయితే మేం ఎన్నడో వేరయినం మేడం. రంజీల హైదరాబాద్ వేరే, ఆంధ్ర వేరే."

సుధారాణి పెదవి బిగపట్టి ఆపుకోవాలని చూసింది, ఆగలేదు. "అయితే ఇంకేం, సగం రాష్ట్రం మీకు వచ్చేసినట్టే" అని పకపకా నవ్వేసింది. మల్లేశం కూడా నవ్వాడు. ఎన్ని నెలలకో వాళ్ల మధ్య వచ్చిన మొదటి మాట అది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

శనివారం రోడ్ల మీద బస్సుల్లేవు, ఆటోల్లేవు. సుధారాణి ఎలా వస్తుందా అని నేను హైరానా పడుతుంటే, మధ్యాహ్నానికి ఇద్దరూ ఒకే బండి మీద దిగారు. మల్లేశమే పొద్దున ఫోన్ చేశాడట. "అక్కా, తయారై ఉండున్రి, నేనొచ్చి తీస్కపోత" అన్నాడట. చందానగర్ దగ్గర ముంబై హైవే మీద వంటా వార్పు జరుగుతోంది. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి, వండుకుని, తిని నిరసన చెప్పడం అన్నమాట. అక్కడ వీళ్ల బండి ఆపారు.

"ఎటువోతున్నరే?" అని అడిగాడట ఒక పెద్దాయన.

"డ్యూటీకి పెద్దనాయినా. అర్జెంట్ పని. పొద్దుమీకి నేనూ వచ్చి మీతోని కూసుంట."

"పోదురుగాని తీ. అన్నం తినకుంట పోతరా? కూసో బిడ్డా, నువ్వు గూడ కూసో."

సుధారాణి నాకు అది చెబుతూ చేతులు తిప్పింది. "హైవే మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నానండీ! విస్తరిలో పప్పన్నం పెట్టారు. నా యాస వినగానే ఏమంటారో అని బిక్కుబిక్కుమంటూ తింటున్నాను. ఆ పెద్దాయన నన్ను ఏ ఊరని అడిగాడు. తెనాలి అన్నాను. 'అయితే కారం సాలదు నీకు' అని ఇంకో గరిటె పచ్చడి వేశాడండీ."

"రెండుసార్లు ఏపిచ్చుకున్నది మేడం" అన్నాడు మల్లేశం.

ఆ రెండు రోజులు మేం పద్ధతి మార్చాం. టైపు చేసేముందు ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ప్రతి బాక్సు దగ్గరా ఆగి, "ఇది మనకు ఎట్ల తెలుసు?" అని ఒకరినొకరు పైకే అడిగారు. "కాగితంలో ఉంది" అన్నవి ఒక పక్కన, "అలాగే ఉంటుందిలే" అన్నవి ఇంకో పక్కన పెట్టారు. రెండో పక్కన చేరినవన్నీ నేను లూసియాకు పంపాను. ఆమె తన సెలవురోజంతా ఓపిగ్గా జవాబులు ఇచ్చింది. అప్పుడే ఇంకోటి బయటపడింది. రియోలో ఆడిన మ్యాచ్ మార్చిలో కాబట్టి ఇద్దరూ దాన్ని తర్వాతి సీజన్‌లో వేశారు. అదీ పచ్చరంగులోనే వెళ్లిపోయింది. కప్పు తెచ్చిన మ్యాచే ఆ సీజన్‌లో లేకుండా పోయిందన్నమాట. అన్నీ సరిచేసుకున్నాకే విడివిడిగా కూర్చుని మళ్లీ మొదటి నుంచి టైపు చేశారు.

సోమవారం సాయంత్రం లూసియా మెయిల్ వచ్చింది. "మా క్లబ్బు పేరు తన చోట తాను ఉంది. మిగిలిన తొమ్మిది సీజన్లూ పంపిస్తున్నాను" అని రెండే వాక్యాలు. నేను పైకి చదువుతుంటే సుధారాణి కుర్చీలోంచి లేచి నిలబడింది. మల్లేశం ఒక్క క్షణం మొహం చేతుల్లో దాచుకుని, తర్వాత ఇంటికి ఫోన్ చేసుకోవడానికి బయటికి వెళ్లాడు. కొలువు ఉంటుందో పోతుందో అని అతను వారం రోజులుగా ఇంట్లో ఎవరితోనూ అనలేదట.

అప్పటి నుంచి కొత్తగా చేరినవాళ్లకు నేను మొదటిరోజే చెప్పేది ఒకటుంది. తేడా వచ్చినచోట భయపడక్కర్లేదు, అక్కడ తప్పు తానే చెయ్యెత్తి పిలుస్తుంది. ఇద్దరికీ ఒకేలా తోచినచోటే ఆగి చూడాలి. ఒక ఊళ్లో, ఒక గాలి పీల్చుకుంటూ బతికే మనుషులకు పొరపాట్లు కూడా ఒకేలా వస్తాయి. మనకు తెలిసిందే అనిపించినదాన్ని ఆ ఊరి మనిషినే ఒకసారి అడగడం మంచిది.

వాళ్లిద్దరి అభిప్రాయాలు మాత్రం వెంట్రుకవాసి మారలేదు. రెండో సీజన్ కార్డులు వచ్చిన రోజున మల్లేశం, సుధారాణి ఒకే స్క్రీన్ ముందు కూర్చుని గొంతులు పెంచి వాదించుకుంటున్నారు. ఫుట్‌బాల్‌తో మొదలైన వాదన నీళ్లు, కొలువులు, చందానగర్ ఇళ్ల దాకా వెళ్లి మళ్లీ ఫుట్‌బాల్‌కే వచ్చేది. మేనేజర్ తన గదిలోంచి తల బయటపెట్టి, "విజయా, డబుల్ కీయింగ్ చేసేవాళ్లు మాట్లాడుకోకూడదని రూలు పెట్టింది మీరే కదా?" అన్నాడు.

"టైపు చేసేటప్పుడు మాట్లాడకూడదు సార్" అన్నాను. "అంతకుముందు మాత్రం మాట్లాడి తీరాలి."