ఇంజిన్ లేని ట్రాలీ

కాలేజీ వదిలి ఎన్నో ఏళ్లు కాలేదు కానీ, ఏ విషయాన్నైనా వాదించి గెలవవచ్చని గట్టిగా నమ్మిన ఆ రోజులు తలచుకుంటే ఎవరో దూరపు చుట్టం కథలా తోస్తుంది. డిబేట్ పోటీల్లో కప్పులు తెచ్చుకున్న అలవాటుతో ఇంట్లో ఉప్మాకు కూడా అనుకూల, ప్రతికూల పక్షాలు ఏర్పాటు చేసేదాన్ని. (అమ్మది ఎప్పుడూ మూడో పక్షం, తినకపోతే పస్తుండమనేది.) గండిపేట దగ్గర ఆదివారాలు మట్టిదారుల్లో మౌంటెన్ సైకిళ్లు తొక్కే బృందంలో చేరగానే నేను చేసిన మొదటి సేవ, వాళ్లకొక రాజ్యాంగం రాసిపెట్టడం. అందులో ప్రధాన సూత్రం ఇది: ఆదివారం ఇంటి నుంచి బయలుదేరి తిరిగి ఇల్లు చేరేదాకా ఇంజిన్ ఉన్న బండి ఎక్కినవారికి, మేం తలపెట్టిన అనంతగిరి కొండల యాత్రలో చోటు లేదు. మాలో ఎవరికీ పంక్చర్ వేయడం సరిగా రాదు. కానీ పంక్చరైన మనిషి నైతికంగా ఎలా నడుచుకోవాలో అందరికీ క్షుణ్ణంగా తెలుసు.

ఆ సూత్రానికి తొలి బలి మా బృందంలోని చేవెళ్ల అన్న. గొలుసు తెగితే సైకిల్‌ను ఆటోలో వేసుకుని ఇల్లు చేరాడు. “మోకాలు నొస్తుండె చెల్లె” అన్నాడు. మోకాలికి మినహాయింపు ఇస్తే రేపు మడమ కూడా అడుగుతుందని నేను ఇచ్చిన ఉపన్యాసానికి అందరూ చప్పట్లు కొట్టారు, అన్నతో సహా. అప్పటినుంచి అతను ఆటో అన్న.

యాత్రకు ముందు చివరి ఆదివారం సురంగల్ దాటి, పొలాల వెంట చేవెళ్ల వైపు పోతున్నాం. అందరూ ముందు, నేను వెనక (వేగం విషయంలో నాది ఎప్పుడూ ఆలోచనాత్మక ధోరణి). టమాటా తోట పక్కన ఎవరో పారేసిన డ్రిప్పు పైపు ముక్క నా వెనక చక్రంలో చిక్కుకుని, గేర్లు మార్చే డీరెయిలర్‌ను చువ్వల్లోకి లాగేసింది. ఫట్‌మని విరిగిన శబ్దం, చక్రం బిగుసుకుపోయింది. ముందు పోయినవారికి ఫోన్ చేస్తే, “టిఫిన్లు అయ్యేలోగా చేవెళ్ల చేరకపోతే అనంతగిరి లిస్టులోంచి నీ పేరు పోతది. ఈ రూల్ గూడ నీదే కద!” అని ఎంతో గౌరవంగా గుర్తుచేశారు. సైకిల్‌ను భుజాన వేసుకుని నడుస్తుండగా వెనక నుంచి ట్రాక్టర్ వచ్చి నెమ్మదించింది. ట్రాలీ నిండా ఇస్త్రీ బట్టల్లో, చేతుల్లో బైబిళ్లతో, చేవెళ్లలో ప్రార్థన కూడికకు పోతున్న పక్క ఊరి జనం.

“ఎక్కు బిడ్డ” అంది ముందు కూర్చున్న అవ్వ.

“వద్దవ్వ. మాకో రూల్ ఉన్నది.”

“ఎవలు పెట్టిన్రు?”

“నేనే.”

“నువ్వే పెడితే నువ్వే తియ్యి! సైకిల్ నిన్ను మొయ్యాలె గని, నువ్వు సైకిల్‌ని మోసుడేంది?”

ట్రాలీ అంతా గొల్లున నవ్వింది. ట్రాక్టర్ నా నడకకు సమానంగా పాకుతూ వచ్చింది. “ఎక్కుతవా లేదా అక్కా? ఆడ పాటలు అయిపోతయ్!” అని డ్రైవర్ అరిచాడు. సరిగ్గా అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. ఇంజిన్ ఉన్నది ట్రాక్టర్‌కు. ట్రాలీకి లేదు. ఆ రెండింటికీ ఉన్న సంబంధం ఒక ఇనుప పిన్ను మాత్రమే. నేను ఎక్కబోయేది ట్రాలీ. ఎక్కాను.

చేవెళ్ల టిఫిన్ సెంటర్లో, ఆఖరి దోసె పెనం మీద ఉండగా, ఇదే వాదన వినిపించాను. బృందం చాలాసేపు గంభీరంగా ఆలోచించింది.

“అట్లయితే నేను గూడ ఆటోల ఎనుక సీటు మీదనే కూసున్న చెల్లె. ఇంజిన్ మీద కూసోలే” అన్నాడు ఆటో అన్న.

“ఆటోకు ఇంజిన్ ఎనుక సీటు కిందనే ఉంటది అన్నా. నువ్వు కూసున్నది అచ్చంగ దాని మీదనే!” అన్నాను.

చప్పట్లు. నా పేరు జాబితాలో నిలిచింది. విజేతను అభినందించి అందరూ చక్కగా తిరిగే సైకిళ్లెక్కి సిటీ దారి పట్టారు. నేను, బిగుసుకున్న నా చక్రం, చేవెళ్లలోనే ఇల్లున్న ఆటో అన్న మిగిలాం.

“మంచిగ గెలిచినవ్ చెల్లె” అన్నాడు అన్న, వ్యంగ్యం ఏమీ లేకుండానే. “ఇగ మొయినాబాద్‌ల మీ ఇంటి దాక ఎట్ల పోతవ్? మల్ల ట్రాలీ పిలువాల్నా?”

అవ్వ వాళ్ల ప్రార్థన ఎప్పటికి ముగుస్తుందో తెలియదు. అన్నే ఒక ఆటోను ఆపి, సైకిల్ ముందు చక్రం ఊడదీసి, లోపల అడ్డంగా సర్ది, “ఫికర్ చెయ్యకు, నేను ఎవలకు చెప్ప” అన్నాడు. ‘తిరిగి ఇల్లు చేరేదాకా’ అన్న మాటలు రాసింది నేనే. ఒక కాలు నేల మీద, ఒక కాలు ఆటోలో పెట్టి కాసేపు ఖండన వెతికాను. దొరకలేదు. కూర్చున్నాను. అనంతగిరి జాబితాలో నా పేరు కొట్టేయమని దారిలోనే గ్రూపులో మెసేజ్ పెట్టాను. (వాళ్లు దాని మీద కూడా ఓటింగ్ పెట్టారు.)

సీటు కింద ఇంజిన్ వేడి మాత్రం నా వాదన అక్షరాలా సత్యమని మొయినాబాద్ దాకా నిరూపిస్తూనే ఉంది. ఆనాటి నేనైన ఆ పిల్ల ఇప్పుడు నాకు దారిలో ఎదురైతే, సైకిల్ భుజాన వేసుకుని నడుస్తుంటే, బండిలో జరిగి చోటిస్తాను. ఎలాగూ ఊరుకోదు, కనీసం కూర్చుని వాదిస్తుంది.