ఒడిబియ్యం పోసి ఇచ్చిన బిడ్డ

కాలేజీలు తెరిచే ముందు మా టైలరింగ్ షాపుకు తల్లులు కూతుళ్ళను వెంటబెట్టుకుని వస్తారు. పీజీ హాస్టల్లో వేసుకోవడానికి నాలుగు కుర్తాలు కుట్టమంటారు. ఆ పిల్లల భుజాలకు టేపు పెట్టినప్పుడల్లా వాళ్ళ అమ్మలకు ఒక సంగతి చెప్పాలని నోటిదాకా వస్తుంది. కత్తెర చేతిలో పట్టుకుని, నలుగురి మధ్య చెప్పగలిగింది కాదు. అందుకే రాసి పెడుతున్నాను. ఒక్క తల్లి చదివినా చాలు.

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. మాది హిందూపురం పక్క పల్లె. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది. పెళ్ళయి బెంగళూరు శివార్లలో హెబ్బగోడికి వచ్చాక, షాపులో పని లేని మధ్యాహ్నాలు లైబ్రరీకి పోవడం అలవాటు చేసుకున్నాను. అక్కడున్న తెలుగు పుస్తకాలు అయిపోతే కన్నడ అక్షరాలు నేర్చుకుని అవి కూడా చదివాను. గుంపులో చేరిన మనిషి ఎందుకు మారిపోతాడు, పూనకం అంటే ఏమిటి, మనసు మనిషిని ఎలా మోసం చేస్తుంది, ఇవన్నీ నాకు పుస్తకాల వల్ల తెలుసు. మా వీధిలో ఎవరికైనా గాలి సోకిందంటే, తాయెత్తు కట్టకండి, డాక్టరు దగ్గరికి తీసుకుపోండి అని గట్టిగా చెప్పేదాన్ని నేనే.

మాకు నవ్య ఒక్కతే. మహదేవపుర వైపు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సీటొచ్చింది. హెబ్బగోడి నుంచి ఆ ట్రాఫిక్‌లో రోజూ పోయి రావడం అయ్యే పని కాదు. కాలేజీ దగ్గరే తెలుగు అమ్మాయిలు ఎక్కువగా ఉండే పీజీలో చేర్చాము.

అక్కడి అమ్మాయిలది ఒక గుంపు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'ఫ్యామిలీ'. కొత్తగా వచ్చిన ప్రతి పిల్లనూ ఒక సీనియర్ పెంచుకుంటుంది. ఆ సీనియర్‌ను అక్కా అని పిలవకూడదు, అమ్మా అనాలి. ఆమెను పెంచిన సీనియర్ అమ్మమ్మ. చదువు ముగించి ఉద్యోగాల్లో చేరినవాళ్ళు కూడా పండగలకు వచ్చి మనవరాళ్ళను చూసుకుని పోతారు.

చేరిన కొత్తలో తల్లిదండ్రులను పిలిచి ఒక చిన్న పండగ చేశారు. నవ్యను పెంచుకునే అమ్మాయి పవిత్ర, మదనపల్లె పిల్ల, మూడో సంవత్సరం. చున్నీ పరిచి నా ముందు కూర్చుంది.

"ఆంటీ, ఒడిలో బియ్యం పోసి, ఈ పొద్దు నుంచి ఇది నీ బిడ్డ అని చెప్పాల. అందరి అమ్మలూ చెప్పినారు" అంది.

మా పక్క ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒడిబియ్యం పోస్తారు. ఇక్కడ కన్నడవాళ్ళకు మడిలక్కి ఉంది. పిల్లలు ఈ రెండూ కలిపి తమకు నచ్చినట్టు మార్చుకున్నారు. నాకు ముచ్చటేసింది.

"చూసుకోమ్మా, ఇది పొద్దున్నే లేయదు. బకెట్ నీళ్ళు పోస్తే గానీ కదలదు" అన్నాను.

"మా దగ్గర రెండు బకెట్లు ఉండాయిలే ఆంటీ" అంది పవిత్ర. అందరూ నవ్వారు. నేను బియ్యం పోసి, ఆ మాట చెప్పాను.

ఫ్యామిలీ వల్ల మంచి జరగలేదని అనను. నవ్యకు జ్వరమొస్తే ఆస్పత్రికి తీసుకుపోయింది వాళ్ళే. పాఠాలు అర్థం కాకపోతే కూర్చోబెట్టి చెప్పారు. అందుకే మిగతావి మాకు కనబడలేదు. ఇంటికి ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టి మాట్లాడాలి. ఎవరితో క్యాంటీన్‌కు పోవాలో, ఏ బట్ట వేసుకోవాలో అక్కడి అమ్మను అడగాలి. మాట తప్పితే, అమ్మ దగ్గరికి తీసుకుని అన్నం ముద్ద పెట్టేదాకా ఎవరూ ఆ పిల్లతో మాట్లాడరు. ఇంట్లో పెట్టిన పేరు వదిలేసి, ఫ్యామిలీ పెట్టిన పేరుకే పలకాలి. మా నవ్యకు వాళ్ళు పెట్టిన పేరు చిన్ని.

దసరా సెలవులకు ఇంటికి వచ్చింది. వంటింట్లోంచి "నవ్యా" అని పిలిస్తే తల తిప్పలేదు. "ఎట్లుండావే?" అని వాళ్ళ నాన్న అడిగితే, "బాగానే ఉన్నానండి" అంది. మా ఆయన నవ్వి, "ఏమప్పా ఇది, నాకు అండి పెడతాంది, పెద్దమనిషిని అయినట్టుండాను" అన్నాడు. పీజీలో అన్ని జిల్లాల పిల్లలూ ఉంటారు, యాస అంటుకుంటుందిలే అన్నాను నేను.

పక్కింటివాళ్ళు చేపల పులుసు పంపించారు. నవ్య చిన్నప్పటి నుంచి చేప వాసనకే వాంతి చేసుకునే పిల్ల. ఆ రోజు కూర్చుని, ముల్లు ముల్లూ నాలుకతోనే వేరు చేసుకుంటూ, ఏటి ఒడ్డున పుట్టినదానిలా తినింది. అదీ నేర్చుకుని ఉంటుందని సర్దుకున్నాను.

నేను సర్దుకోలేకపోయింది వేరే ఉంది. పుట్టుక నుంచి నవ్యకు కుడి భుజం కొంచెం జారి ఉంటుంది. ఎవరికీ తెలియదు, బట్టలు కుట్టే నాకు తెలుసు. లంగా జాకెట్ల వయసు నుంచీ కుడి వైపు కుట్టు కొంచెం దించి కుడతాను. దసరాకు కూడా అలాగే కుట్టి పెట్టాను. వేసుకుంటే కుడి వైపు లూజుగా నిలబడింది, ఎడమ వైపు గుడ్డ లాగేసింది. టేపు పెట్టి చూశాను. ఎడమ భుజం జారి ఉంది. ఒళ్ళు లావైనా చిక్కినా కొలతలు మారతాయి. భుజాలు ఇటుది అటు మారడం నేను ఏ మనిషిలోనూ చూడలేదు.

పవిత్రకు ఫోన్ చేశాను. మొదట ఏమీ లేదంది. తర్వాత ఏడ్చింది. చిన్ని అనేది వాళ్ళ ఫ్యామిలీలో అంతకుముందున్న అమ్మాయి ముద్దుపేరు. అసలు పేరు మౌనిక, నరసాపురం పిల్ల. సెలవులకు ఇంటికి పోయి, విషజ్వరంతో అక్కడి ఆస్పత్రిలో చనిపోయింది. ఆ పేరు పోగొట్టుకోలేక కొత్తగా వచ్చిన పిల్లకు పెట్టారు. మంచం కూడా ఆమెదే ఇచ్చారు.

"ప్రేమతోనే పెట్టినాము ఆంటీ, ఎగతాళికి కాదు" అంది.

ఆస్పత్రిలో మనసు డాక్టరు గారిని కలిశాను. గుంపు ఒత్తిడి, కొత్త పేరు, ఇంటి మాట వినబడకపోవడం, వీటితో లేత మనసు అయోమయపడుతుంది, ముందు అక్కడి నుంచి తెచ్చేయండి అన్నారు. నేను చదివిందీ అదే. అప్పుడు నాకు ధైర్యమే వచ్చింది. సెలవులు అయ్యి తిరిగి వెళ్ళిన నవ్యను ఇంటికి తెచ్చుకోవడానికి పీజీకి పోయాను.

ఆ రోజు మౌనిక వాళ్ళ అమ్మ అనసూయమ్మ గారు కూడా వచ్చారు. కూతురు పోయిన రోజున ఏటా వచ్చి, పీజీ పిల్లలకు పులిహోర, గారెలు పెట్టి పోతారట. పట్టపగలు, హాలు నిండా పిల్లలు. నవ్య ఆమెను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. మెట్లు దిగి వచ్చి నేరుగా ఆమె ముందు నిలబడింది.

"నువ్వు నిద్రపోయావని నాకేం కోపం లేదమ్మా. అలిసిపోయావని నేనే లేపలేదు" అంది.

అనసూయమ్మ గారు గోడ పట్టుకుని కింద కూర్చుండిపోయారు. నవ్య నా వైపు తిరిగి, "ఆంటీ, కొంచెం మంచినీళ్ళు ఇస్తారా? మా అమ్మకు కళ్ళు తిరుగుతున్నాయి" అంది.

నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

తర్వాత అనసూయమ్మ గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. కూతురి ప్రాణం పోయినప్పుడు ఈమె మంచం పక్కన కుర్చీలో నిద్రపోతున్నారు. మెలకువ వచ్చేసరికి అంతా అయిపోయింది. కానీ బిడ్డ తన చేతుల్లో పోయిందని అందరికీ చెప్పారు. "మా ఆయనకు కూడా తెలీదండి. దేవుడి ముందు కూడా పైకి అనలేదండి" అన్నారు. మౌనికకు ఏ భుజం జారి ఉండేదని అడిగాను. ఆమె ఆశ్చర్యపోయి, తన ఎడమ భుజం తాకి చూపించారు.

పవిత్ర చున్నీలో బియ్యం తెచ్చి నా ఒడిలో తిరిగి పోసింది. నవ్యను నా పక్కన కూర్చోబెట్టి, ఇది నీ బిడ్డే ఆంటీ అంది. ఇంటికి తెచ్చుకుని మందులు వాడాము. నేను అంతకుముందు వెక్కిరించిన తాయెత్తులూ కట్టించాను. నవ్య దేనికీ ఎదురు చెప్పలేదు. నన్ను మీరు అంటుంది. నా చేతి అన్నం తిని, బాగుందండి అంటుంది. నాన్నను చూస్తే లేచి నిలబడుతుంది. చివరికి ఒక రోజు నరసాపురం, అనసూయమ్మ గారింటికి పోయింది. చదువు మానేసింది. పోలీసులను అడిగితే, మేజర్ అయిన పిల్ల, ఆపడానికి లేదన్నారు.

ఒకసారి పోయి చూసి వచ్చాను. "నేను పంపించనంటానా అండి? వెళ్ళమంటే, ఎక్కడికెళ్ళాలమ్మా అంటుంది" అన్నారు అనసూయమ్మ గారు. ఆమె ముఖంలో భయముంది, సంతోషమూ ఉంది. ఆ సంతోషాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు.

లైబ్రరీలో ఉన్న పుస్తకాలన్నీ వెతికాను. యాసకు, చేపకు, పేరుకు జవాబు దొరికింది. ఆ ఒక్క మాటకు, ఆ భుజానికి దొరకలేదు. నవ్య ఎక్కడికి పోయింది అన్నదానికి అసలు దొరకలేదు. ఇప్పటికీ నమ్మకం గురించి అడిగితే ఏమీ చెప్పలేను. తల్లులకు చెప్పేది ఒక్కటే. మీ పిల్లను పెంచుకుంటామని ఎవరైనా ముచ్చటగా అడిగినా, ఆటకైనా సరే, ఇవ్వకండి. పిల్లకు ఏ పేరు పెట్టారో, అది ముందు ఎవరిదో అడగండి. స్పీకర్ ఆపించి మాట్లాడండి.

ఇది రాయడానికి నాకు తోడున్నవాళ్ళకు నమస్కారం. అడిగిన పుస్తకమల్లా వెతికి ఇచ్చిన లైబ్రరీ రుక్మిణి మేడమ్‌కు, ఫీజు అడగకుండా ఎన్నిసార్లయినా కూర్చోబెట్టి విన్న డాక్టర్ శ్రీధర్ గారికి, నేను తిరుగుతున్నప్పుడు షాపు చూసుకున్న పక్కింటి మంజుళకు, దాచకుండా చెప్పిన పవిత్రకు. ఇంకా నరసాపురం అనసూయమ్మ గారికి. నా బిడ్డ వేళకు తింటోందని ఆమే ఫోన్ చేసి చెప్తారు.